కళ్ళు జయరావు వంతు

పర్చూరు
12 డిసెంబరు 2024

తమ్ముడు బుడాన్‌కి,

మీ అక్క ఖాదర్‌బీ దువాలు. ఆదివారం నేను ఫోన్ చేసి, మా వంటిల్లు కురుస్తోందిరా అని చెబితే, "మంచిది, మంచిది, సంతోషం" అన్నావు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఇక నా వల్ల కాదనిపించింది. అందుకే మీ బావని పోస్టాఫీసుకి పంపి కవర్లు తెప్పించాను. ఇకమీదట ఏదున్నా కాగితం మీదే చెప్పుకుందాం. ఫోన్లో నువ్వు అరిచే అరుపులకి మా వీధి వాళ్ళందరికీ మీ ఇంటి సంగతులు తెలిసిపోతున్నాయి.

నీ జోడు జయరావు పోయి వచ్చే ఫిబ్రవరికి ఏడాది. ఇరవయ్యో తారీకున ఇంటి ముందు టెంటు వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటున్నారు. మొన్న వాడి భార్య ఆదెమ్మ మా ఇంటికి వచ్చింది. దిండ్లలోకి నేను పత్తి విడదీస్తుంటే తనూ పక్కన కూర్చుని తీసింది. చివరికి అడిగింది. కొడుకు ప్రకాష్ ఆ రోజుకి తండ్రి ఫ్లెక్సీ కొట్టిస్తానంటున్నాడట. ఆమెకి అది ఇష్టం లేదు. "ఫ్లెక్సీ ఎండకి వెలిసిపోతుంది అక్కా. తర్వాత దాన్ని తీసుకెళ్ళి మిరపకాయల మీద కప్పుతారు. ఆయన బొమ్మ బుడాన్ అన్నయ్య చేత్తో గీయించి పెడతావా?" అంది.

ఆమె అన్నది నిజమే. పోయిన ఎన్నికల్లో చేతులు జోడించి నవ్విన పెద్దమనుషులంతా ఇప్పుడు మా ఊరి కళ్ళాల్లో బోర్లా పడుకుని ఉన్నారు.

నేను సరేనన్నాను. నిన్ను అడగకుండా ఎలా ఒప్పుకున్నావని నువ్వు గంతులేస్తావని తెలుసు, వెయ్యి. ఇద్దరూ ఒకే నిచ్చెన ఎక్కి దిగినవాళ్ళు. జయరావు బొమ్మ నువ్వు గాక ఇంకెవరు గీస్తారు?

అబ్బాయి కలీంకి, కోడలు నజ్మీన్‌కి నా దువాలు చెప్పు. మీ బావ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

నీ అక్క
ఖాదర్‌బీ


బ్రాడీపేట, గుంటూరు
19 డిసెంబరు 2024

అక్కా,

సలాం. నా బదులు నువ్వే సరేనన్నావు కాబట్టి నా బదులు నువ్వే గీసెయ్యి. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

నీకు తెలియని సంగతా ఇది? జయరావుతో బోర్డుల పనికి వెళ్తానని నేను ఇంట్లో చెప్పిన రోజు నువ్వు అమ్మ పక్కనే కూర్చుని ఉన్నావు. "గీసుకో నాయనా, పొట్టకూటికి తప్పదు. కళ్ళు మాత్రం పెట్టకు. ప్రాణం పోసేవాడు పైన ఒకడున్నాడు, ఆయన పనిలో వేలు పెట్టకు" అంది అమ్మ. నేను ఆమె చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను. ఆ సంగతి జయరావుకి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అయితే కళ్ళు నా వంతు" అన్నాడు, అంతే.

ఫ్లెక్సీలు వచ్చి మా బ్రష్షులు ఎండిపోయేదాకా అదే మా పద్ధతి. చీరాలలో బట్టల కొట్టు బోర్డు మీద పట్టుచీర కట్టిన అమ్మాయి కావచ్చు, పర్చూరు సెంటర్లో గోడ మీద ఎరువు బస్తా మోస్తున్న రైతు కావచ్చు, జుట్టు, ముక్కు, నగలు, చీర కుచ్చిళ్ళు అన్నీ నేను వేసేవాణ్ణి. కళ్ళ చోటు వదిలేసి నిచ్చెన దిగేవాణ్ణి. వాడు ఎక్కేవాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడేవాణ్ణి. పనయ్యాక మూలన ఇద్దరి పేర్లూ రాసేవాళ్ళం, జయ, బుడాన్ అని.

ఆ చీరాల షావుకారు కథ నీకు చెప్పానో లేదో. బోర్డు ఇంకా కొట్టు ముందు నేల మీద ఆనించి ఉండగా చూసి, అమ్మాయి నుదురు గుమ్మడికాయలా ఉందని, దాన్ని వెనక్కి మోసుకుపొమ్మని కేకలు వేశాడు. జయరావు తాపీగా బీడీ ముట్టించి, "ముందు పైకి కట్టనివ్వండి, తర్వాత తిడుదురుగాని" అన్నాడు. పైకి కట్టే బొమ్మని మేము కింద నుంచి చూసేవాడి కోసం వేస్తాం. నుదురు పెంచుతాం, గడ్డం తగ్గిస్తాం. నేల మీద పెట్టి చూస్తే అది దయ్యంలాగే ఉంటుంది. కట్టిన తర్వాత ఆ షావుకారు రోడ్డు మీద నిలబడి తలెత్తి చూసి, మాకు టీలు, సమోసాలు తెప్పించాడు. ఆ తర్వాత వాళ్ళ చుట్టాల్లో ఎవరు కొట్టు పెట్టినా బోర్డు మాదే.

అవన్నీ అయిపోయాయి. నేను బ్రష్షు వదిలి ఆరేళ్ళు దాటింది. కలీం ఫ్లెక్సీ షాపులో కూర్చుని వచ్చినవాళ్ళకి కుర్చీ చూపించడం ఇప్పుడు నా ఉద్యోగం.

ఇంకో మాట ఉంది, నీకొక్కదానికే చెబుతున్నాను. జయరావు కళ్ళు ఎలా ఉండేవో నాకు గుర్తు రావడం లేదు. కలిసి పనిచేసినన్నాళ్ళూ మేమిద్దరం బోర్డు వంక చూశాం గాని ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. చివరిసారి చూసినప్పుడు శవపెట్టెలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే ఆ ముఖమే వస్తోంది. నాకు భయంగా ఉంది అక్కా.

కుదరదని ఆదెమ్మకి నువ్వే చెప్పు.

బుడాన్


పర్చూరు
28 డిసెంబరు 2024

ఒరేయ్ తమ్ముడూ,

కుదరదని చెప్పడానికే వెళ్ళాను. చెప్పలేక ఫోటోలు పట్టుకుని తిరిగొచ్చాను. ఈ క్రిస్మస్‌కి ఆ ఇంటి మీద స్టార్ కట్టలేదు. ఏటా జయరావే వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి కట్టేవాడు కదా. ఆ బద్దలు మూలన అలాగే ఉన్నాయి. ఆదెమ్మ వాటి పక్కన కూర్చుని బియ్యం ఏరుతోంది. అలాంటి మనిషికి, మా వాడికి కుదరదట అని నువ్వైతే చెప్పగలవా?

ఫోటోలు ఈ కవర్లోనే పెట్టాను. పెళ్ళి ఫోటోలో తల దించేసుకున్నాడు, పెళ్ళికూతురే నయం. చర్చి వాళ్ళ గ్రూపు ఫోటోలో వాడి తల అగ్గిపుల్ల మొన అంత ఉంది. ఆధార్ కార్డులో ఉన్నది జయరావో జైలు నుంచి పారిపోయినవాడో చెప్పలేం. మనందరిదీ అంతే అనుకో. ఇక మిగిలింది ప్రకాష్ సెల్లులో తీసింది. శుక్లం ఆపరేషన్ అయ్యాక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ముఖం మాత్రం బాగా వచ్చింది.

దాన్ని చూశాక నాకొక ఆలోచన తట్టింది. ఆ నల్లకళ్ళద్దాలతోనే గీసెయ్యి. అమ్మకిచ్చిన మాట నిలబడుతుంది, ఆదెమ్మ కోరికా తీరుతుంది. మీ బావకి చెబితే భేష్ అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు.

అమ్మ మాట సంగతి మాత్రం నన్ను అడగకు. తప్పమనీ అనను, తప్పొద్దనీ అనను. ఆ చెయ్యి నీది.

చినగంజాం నుంచి వచ్చిన ఉప్పు వేసి కందిపొడి కొట్టాను, బస్సులో పంపిస్తున్నాను. నజ్మీన్ కూరల్లో కారం తక్కువేస్తోందని నాతో ఫోన్లో అరిచావు చూడు, ఆ పిల్ల పక్కగదిలోనే ఉందట. చెవులు వినపడనివాడికి నోరు కూడా కాస్త తక్కువగా ఉంటే బాగుండేది.

ఖాదర్‌బీ అక్క


బ్రాడీపేట
13 జనవరి 2025

అక్కా,

సలాం. కందిపొడి అందింది. నజ్మీన్ కూడా కలుపుకుని తిని, మీ అక్కగారి చేతి కారం మందులా ఉందంది. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ఊరుకున్నాను.

నల్లకళ్ళద్దాలా? జయరావుని ప్రచారానికి వచ్చిన నాయకుణ్ణి చేయమంటావా? వాడు పైనుంచే బ్రష్షు విసిరి నా నెత్తిన కొడతాడు. బావ మెచ్చుకున్నాడంటేనే నువ్వు అనుమానించాల్సింది.

అయినా మొదలుపెట్టాను. ఎందుకని అడగకు. నువ్వు పంపిన ఫోటోలు నాలుగు రోజులు బీరువాలో పెట్టి, తీసి చూసి, మళ్ళీ పెట్టి, ఆఖరికి విసుగొచ్చి ప్లైవుడ్డు ముక్క తెప్పించాను. బాల్కనీలో పెట్టి గరుకు కాగితంతో నున్నగా రుద్దాను. తెల్ల ప్రైమర్ పూశాను, బొమ్మ కొలతలకి గళ్ళు కొట్టాను. టర్పెంటైన్ వాసనకి తల తిరుగుతోందని నజ్మీన్ తలుపు వేసేసింది. కాసేపటికి తనే తలుపు తీసి, టీ తెచ్చి పెట్టి, నిలబడి చూసింది. చెవులు అచ్చం ప్రకాష్ అన్నవే అంది. ప్రకాష్‌వి వాళ్ళ నాన్నవని ఆ పిల్లకి తోచలేదు.

మొదటి గీతలు రెండుసార్లు తుడిచేశాను. తర్వాత చేతికే పాత సంగతులు గుర్తొచ్చాయి. చొక్కా పై గుండీ ఊడిపోయి ఉండేది కదా వాడికి ఎప్పుడూ, అలాగే వేశాను. భుజం మీద తువ్వాలుకి మేము వాడిన రంగుల మరకలన్నీ పెట్టాను. ముక్కు పక్కన పుట్టుమచ్చ పెడుతుంటే, "ఒరేయ్, అది ఎడమ పక్కరా" అని వాడు అన్నట్టు వినపడింది. ఈ మధ్య నాకు ఎవరి మాటా సరిగ్గా వినపడడం లేదు. వాడి మాట మాత్రం స్పష్టంగా వినపడింది. ఫోటో తీసి చూస్తే నిజంగా ఎడమ పక్కనే ఉంది.

అంతా అయింది. కళ్ళ చోటు వదిలాను. వదిలి, పాత అలవాటు కొద్దీ బ్రష్షు పక్కకి చాపాను, ఇదిగో తీసుకోరా అని. తీసుకోవడానికి ఎవరూ లేరు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అక్కడితో ఆగింది. ఈ సంగతి నువ్వు ఎవరికీ చెప్పకు.

బుడాన్


బ్రాడీపేట
1 ఫిబ్రవరి 2025

అక్కా,

ఇది సలాంతో మొదలుపెట్టే ఉత్తరం కాదు.

ఎవరికీ చెప్పకు అని రాశాను. నిన్న షాపులోకి వెళ్ళేసరికి యంత్రంలోంచి జయరావు తలకిందులుగా బయటికి వస్తున్నాడు. ప్రకాష్ ఫోన్ చేసి ఫ్లెక్సీ కొట్టమన్నాడట. నల్లకళ్ళద్దాల ఫోటో పంపాడట. కళ్ళద్దాలు బాగాలేవని కలీం వాటిని కంప్యూటర్లో తుడిచేసి, ఆ చోట ఇంకెవరివో కళ్ళు తెచ్చి అతికించాడు. అవి ఎవరివిరా అని అడిగాను. "ఎవరివైతే ఏంటి నాన్నా, బాగా కుదిరాయి కదా" అన్నాడు. సబ్బు ప్రకటనలో కుర్రాడి కళ్ళలా మెరిసిపోతున్నాయి. ఇన్ని ఊళ్ళలో ఇన్ని బొమ్మలకి కళ్ళు పెట్టినవాడికి చివరికి అద్దె కళ్ళు.

షాపులో మనుషులున్నారని కూడా చూడకుండా కేకలేశాను. కలీంతో మాటలు మానేశాను. నీతో కూడా మానేద్దామని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఆపేశానని నీతో ఎవరన్నారు? కొన్నాళ్ళు ఆగాను. ఆగితే ఆపేసినట్టేనా? నువ్వు వెళ్ళి ప్రకాష్‌తో చెప్పబట్టే కదా ఇదంతా.

బుడాన్


పర్చూరు
8 ఫిబ్రవరి 2025

తమ్ముడికి,

మాటలు మానేస్తున్నానని చెప్పడానికి ఉత్తరం రాసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను.

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు నా మీద పడ్డావు. నేను ప్రకాష్‌తో ఒక్క ముక్క అనలేదు. ప్రకాషే బొమ్మ ఎంతవరకు వచ్చిందని కలీంకి ఫోన్ చేశాడు. నీ కొడుకు ఏమన్నాడో తెలుసా? "నాన్న ఆ బొమ్మ ముందు కూర్చుని ఏడుస్తున్నాడు అన్నా. ఇక ఆయన్ని కష్టపెట్టొద్దు, ఫ్లెక్సీ నేను కొట్టి పెడతాను" అన్నాడట. ఆ తలుపు వెనక నిలబడి నిన్ను చూసి, నీకు చెప్పలేక, తనకి చేతనైన పని చేశాడు పిల్లాడు. వాడితో మాట్లాడు. నాతో మాట్లాడకపోయినా పరవాలేదు, ఉత్తరాలు రాస్తావు కదా.

ఇక ఇది విను. మిరప కోతలు మొదలయ్యాయి, ఊరంతా ఘాటు, అందరం తుమ్ముతూనే ఉన్నాం. నిన్న ఆదెమ్మా నేనూ నీడన కూర్చుని తొడిమలు తీస్తుంటే, ఫ్లెక్సీ వస్తోంది కదా, బొమ్మ సంగతి వదిలేయకూడదా అని అడిగాను. ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది. తర్వాత అంది:

"నలభై ఏళ్ళు కాపురం చేశాను అక్కా. తిట్టింది లేదు, కొట్టింది లేదు. కానీ ఆ మనిషి నా వంక తిన్నగా చూసింది తక్కువ. ఇంటికొచ్చినా పళ్ళెం వంకో పేపరు వంకో చూసేవాడు. ఊళ్ళో గోడల మీద బొమ్మలన్నిటికీ చూపు పెట్టాడు. నా మీద పెట్టడానికి తీరిక లేకపోయింది. బొమ్మలోనైనా నన్ను చూస్తాడని ఆశపడ్డాను. అందుకు బుడాన్ అన్నయ్య గీయాలన్నాను. ఆయన్ని ఎరిగినవాడు అన్నయ్యే."

చెప్పి, కారం చేతులతో కళ్ళు తుడుచుకుంది. ఇక చూడు, ఇద్దరం కుండలో నీళ్ళన్నీ ఖర్చుపెట్టాం.

నేను నీకు ఏమీ చెప్పడం లేదు. ఆమె అన్నది రాశాను.

అక్క


బ్రాడీపేట
18 ఫిబ్రవరి 2025

అక్కా,

సలాం. షబే బరాత్‌కి మసీదుకి వెళ్ళి, పోయినవాళ్ళని తలుచుకునే రాత్రి కదా అని అమ్మకీ నాన్నకీ దువా చేశాను. జయరావు పేరు కూడా కలిపాను. తప్పయితే నాదే.

మర్నాడు షాపులో ట్యూబ్‌లైట్ పోయింది. కలీం స్టూలెక్కాడు. మాటలు లేవు కాబట్టి నేను వెళ్ళి ఊరికే స్టూలు పట్టుకున్నాను. వాడు ఊరికే చెయ్యి చాపాడు. స్క్రూడ్రైవర్ అందిస్తూ తలెత్తి చూశాను. రెప్పలు దించి కిందికి చూస్తున్నాడు. అంతే అక్కా, వరదలా వచ్చేశాడు జయరావు. కళ్ళు పెట్టేటప్పుడు వాడి ముఖం సరిగ్గా అలాగే ఉండేది, రెప్పలు వాల్చి, పెదవి కొరుక్కుంటూ. నేను నిచ్చెన కింద నిలబడి చూసిన ముఖం అదే. వాడి కళ్ళు నాకు ఎందుకు గుర్తులేవో అప్పుడు అర్థమైంది. కలీంని స్టూలు దింపి కావలించుకున్నాను. వాడు కరెంటు షాకేమో అని భయపడ్డాడు.

బొమ్మ పూర్తయింది. కంటిపాపలు నేను పెట్టలేదు. రెప్పలు వేశాను, రెప్పల కింద నీడ వేశాను, అక్కడితో దిగిపోయాను.

ఇది జాగ్రత్తగా విను. ఆ బొమ్మ పైకి కట్టాలి. ముందు గదిలో తలుపు పైన గోడకి, ఆదెమ్మ మంచానికి ఎదురుగా, తాడు కట్టి కాస్త ముందుకి వాలేలా. నేల మీద పెట్టి చూడొద్దని, చూపించొద్దని ప్రకాష్‌కి చెప్పు. నేను పైకి కట్టడానికే వేశాను.

రేపు కలీం వ్యాను డ్రైవరు చేత ఫ్లెక్సీతో పాటు పంపిస్తున్నాను. ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, ఎలాగూ కూడికకి ముందే చేరుతుంది. నేను రావడం లేదు. ఆదెమ్మ ఆ బొమ్మని మొదటిసారి చూసేటప్పుడు అక్కడ నిలబడే ధైర్యం నాకు లేదు.

బుడాన్


పర్చూరు
21 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

ఎందుకిలా చేశావురా?

నిన్న కూడికకి ఊరంతా వచ్చింది. నీ బొమ్మని టెంటులో కుర్చీ మీద నిలబెట్టి, పూలు చుట్టి, గుడ్డ కప్పారు. పాస్టరుగారు ప్రార్థన చేసి గుడ్డ తీశారు. నుదురేమో ఇంత, గడ్డమేమో కోడిగుడ్డంత. పైగా కళ్ళు మూసుకుని ఉన్నాడు. వెనక నుంచి ఎవరో, పెట్టెలో ఉన్నప్పటి ముఖం గీశాడేంటి అన్నారు. ప్రకాష్ ముఖం ఎర్రబడిపోయింది. గుడ్డ మళ్ళీ కప్పి, బొమ్మని లోపలికి తీసుకుపోయి, గోడవైపు తిప్పి పెట్టాడు. ఫ్లెక్సీ ముందుకు తెచ్చి కట్టారు. ఆ సబ్బు కుర్రాడి కళ్ళ ముందే అందరం భోజనాలు చేశాం.

ఆదెమ్మ అన్నం తినలేదు. నేను దగ్గరికెళ్తే, "అన్నయ్యకి వయసైపోయింది అక్కా, ఏమీ అనకు" అంది. ఆ మాటకి నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో అంత జాలి వేసింది. ఆమె చూపు అడిగితే నువ్వు రెప్పలేసి పంపావు. అమ్మకిచ్చిన మాట నిలబెట్టుకోవాలంటే నేరుగా గీయనని చెప్పొచ్చు కదా. నలుగురిలో ఆ మనిషిని ఇలా నిలబెట్టడం ఎందుకు?

ఇక ఈ సంగతి మనం మాట్లాడుకోవద్దు.

ఖాదర్‌బీ


పర్చూరు
24 ఫిబ్రవరి 2025

తమ్ముడు బుడాన్‌కి,

మొన్నటి నా ఉత్తరం చింపి పొయ్యిలో పెట్టు.

నువ్వు పద్దెనిమిదో తారీకున రాసింది శనివారం వచ్చింది. అన్నీ అయిపోయాక. గుమ్మంలో నిలబడే చదివాను. చదివి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆదెమ్మ ఇంటికి పోయాను. నువ్వు చీరాల షావుకారు కథ రాసినప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు.

ఇంట్లో ప్రకాష్ ఒక్కడే ఉన్నాడు. ఆదెమ్మ దొడ్లో గిన్నెలు తోముతోంది. బొమ్మని పైకి కట్టమన్నాను. ఎందుకు పెద్దమ్మా, ఇంకా నవ్వులపాలు కావాలా అన్నాడు. వాడిది కోపం కాదురా, అవమానం. "నీ తండ్రి బోర్డులు కట్టి నిన్ను చదివించాడు. ఒక్క మేకు కొట్టలేవా?" అన్నాను. వాడు కుర్చీ వేసుకుని, తలుపు పైన మేకు కొట్టి, నువ్వు రాసినట్టే తాడు కట్టి ముందుకి వాల్చాడు. కట్టేటప్పుడు కూడా బొమ్మ వంక చూడలేదు. దిగి, వెనక్కి నడిచి, అప్పుడు తలెత్తాడు.

నుదురు సర్దుకుంది. గడ్డం సర్దుకుంది. గుండీ ఊడిన చొక్కాతో జయరావు నిచ్చెన మీద ఉన్నాడు. ప్రకాష్ మంచం మీద కూలబడ్డాడు.

అప్పుడు వచ్చింది ఆదెమ్మ, చేతులు తుడుచుకుంటూ. మేమేం చేశామో ఆమెకి తెలియదు. కొడుకు ఎందుకలా కూర్చున్నాడో అని పక్కన కూర్చుని, వాడు చూస్తున్న వైపు తనూ తలెత్తింది. చూస్తూ చూస్తూ మెల్లగా పమిట సర్దుకుంది. ముఖం మీద పడ్డ వెంట్రుకలు చెవి వెనక్కి తోసుకుంది. పెళ్ళిచూపుల్లో కూడా అంత సిగ్గుపడి ఉండదు. తర్వాత జరిగి మంచం ఆ చివరకి వెళ్ళి కూర్చుని, అక్కడి నుంచీ చూసింది.

"ఇటే చూస్తున్నాడు అక్కా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె వంటింట్లోకి వెళ్ళాక నేను కుర్చీ ఎక్కి దగ్గరగా చూశాను. నిజంగానే నువ్వు కళ్ళు పెట్టలేదు. రెప్పలు, నీడ, ఇంకేమీ లేదు. దిగి మంచం మీద కూర్చుంటే చూస్తున్నాడు. ఇదేం పనిరా నాయనా?

ఫ్లెక్సీని ప్రకాష్ మిరపకాయల మీద కప్పలేదు. మడిచి అటక మీద పెట్టాడు. ఎవరి కళ్ళయినా ముఖం నాన్నదే కదా పెద్దమ్మా అన్నాడు. కలీంకి ఈ మాట చెప్పు, సంతోషిస్తాడు.

బొమ్మ మూలన రెండు పేర్లూ రాశావు, జయ, బుడాన్ అని. చనిపోయినవాడి బొమ్మ మీద గీసినవాడిగా ఆయన పేరెందుకని ప్రకాష్ అడిగాడు. నేనేం చెప్పను?

నీ అక్క
ఖాదర్‌బీ


బ్రాడీపేట
4 మార్చి 2025

అక్కా,

సలాం, రంజాన్ ముబారక్. రెండో ఉత్తరం ముందు అందింది, మొదటిది నిన్న వచ్చింది. మన పోస్టాఫీసుకి కూడా చెవుడు వచ్చినట్టుంది. నువ్వు తిట్టింది వెనక వచ్చింది కాబట్టి నవ్వుకుంటూ చదివాను. ముందే వచ్చి ఉంటే ఏమయ్యేవాణ్ణో తెలియదు. చింపలేదు, రెండూ కలిపి దాచాను.

ప్రకాష్‌కి ఇలా చెప్పు. నేను ఎప్పటిలాగే నా పని చేసి, కళ్ళ చోటు వదిలి దిగిపోయాను. ఆదెమ్మకి కనపడ్డవి నేను పెట్టినవి కావు. కళ్ళు వాడి వంతు. అందుకే వాడి పేరు ముందు రాశాను.

నమాజులో అమ్మని తలుచుకున్నప్పుడు నువ్వు కూడా ఒక మాట చెప్పు, బుడాన్ తన మాట తప్పలేదని. నేను చెబితే నమ్ముతుందో లేదో, నువ్వు చెబితే నమ్ముతుంది.

కలీం కొత్త ప్లైవుడ్డు ముక్క తెచ్చి బాల్కనీలో పెట్టాడు. ఎందుకురా అంటే ఊరికే అన్నాడు. నజ్మీన్ ఇఫ్తార్‌కి పిలుస్తోంది, ఇవాళ కూరలో కారం ఎక్కువేసిందట, నా మీద పంతానికి.

పండగ అయిన మర్నాడు మీ దగ్గరికి వస్తాను. నన్ను ముందు మీ ఇంటికి కాదు, ఆదెమ్మ ఇంటికి తీసుకెళ్ళు. ఆ మంచం మీద నన్ను కూడా కాసేపు కూర్చోనివ్వమని ఆమెని అడుగు. వాడు నా వంక కూడా తిన్నగా చూసింది తక్కువే.

నీ తమ్ముడు
బుడాన్